క్రైస్తవాంధ్ర వాఙ్మయమున ప్రవక్త, యాజకుడు, రాజు

క్రైస్తవ మతశాస్త్రమున క్రీస్తునకు మూడు పదవులు చెప్పబడినవి. ఆయన ప్రవక్త, యాజకుడు, రాజు. దైవవాక్యమును జనులకు వినిపించుట ప్రవక్త పని. జనుల పక్షమున దేవుని సన్నిధిని నిలిచి బలి యర్పించుట యాజకుని పని. జనులను ఏలి కాపాడుట రాజు పని. పూర్వము వేరువేరు వ్యక్తులయందుండిన యీ మూడు పనులును క్రీస్తునందు ఒక్కటిగా నెరవేరినవని ఆ సిద్ధాంతము.

ఇది మతగ్రంథములలో చర్చింపదగిన విషయముగదా, భాషాసాహిత్యముల పత్రికలో దీని ప్రసక్తి యేల యని కొందరకు తోపవచ్చును. అన్యదేశమునుండి వచ్చిన భావము మన భాషలో నిలువవలెనన్న మన మాటలనే ఆశ్రయింపవలెను. ఆ మాటలు అప్పటికే కొన్ని శతాబ్దులుగా వేరు పనులు చేయుచుండినవి. రాజనగా తెలుగువానికి రామునినుండి కాకతి గణపతిదేవునివరకు ఎందరో జ్ఞాపకము వత్తురు. యాజకుడనగా యజ్ఞశాల కన్నులకు గట్టును. ప్రవక్త యన్న మాటకు అట్టి చిత్రమేదియు వెంటనే తోచదు. ఈ తారతమ్యమే మన క్రైస్తవ కవిత్వముయొక్క బలాబలములను చాలవరకు నిర్ణయించినదని నా యభిప్రాయము. రాజును మన కవిత్వము అనాయాసముగా స్వీకరించినది. యాజకుని కొంత శ్రమపడి స్వీకరించినది. ప్రవక్తను పేరున మాత్రము స్వీకరించి పనియందు విడిచిపెట్టినది. విడిచిన ఆ పని తెలుగున లేకపోలేదు; అది క్రైస్తవ కావ్యమను పేరు లేని వేరొక కావ్యమున కనబడుచున్నది. ఈ వ్యాసమున దీనిని నిరూపింప యత్నింతును.

1. సూళ్లూరుపేట సాక్ష్యము

ఈ చర్చను సూళ్లూరుపేటనుండి ప్రారంభించుటకు కారణము కలదు. కాళంగి నది పులికాట్ సరస్సును చేరుటకు ముందు ఒడ్డున నిలిచిన యీ యూరు చిరకాలము నెల్లూరు మండలమున నుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. దక్షిణమున కొలది దూరము పోయినచో తడ. తడ దాటినచో అరవదేశము. ఇచ్చట తెలుగును తమిళమును ఒకే బజారులో వినబడును. ఊరి దేవత చెంగాలమ్మ. ఆ తల్లి గుడికి రాత్రియందును తలుపులు మూయు ఆచారము లేదు. ఈ యాచారమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. వ్యాసము చివర దీనితో పని కలదు.

క్రైస్తవ చరిత్రలోను సూళ్లూరుపేటకు స్థానము కలదు. నెల్లూరికి 1840లో అమెరికను బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే వచ్చెను. ఆ మండలపు దక్షిణ భాగమున 1860 తరువాతి దశకమున జర్మనీదేశపు హెర్మన్స్‌బుర్గు లూథరన్ మిషనువారు ప్రవేశించిరి. సూళ్లూరుపేట, నాయుడుపేట వారి తొలి కేంద్రములలోనివి. వారి కృషి ఫలముగా నేర్పడినదే నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘము. కావున లూథరు ప్రశ్నోత్తర గ్రంథపు సంప్రదాయమును, తెలుగు బైబిలు భాషయు, సరిహద్దునకు ఆవలి తమిళ బైబిలు భాషయు ఒక్కచోట కలిసికొను తావు ఇది.

ఆ రెండు బైబిళ్ల మాటలను పోల్చి చూచినచో మన విషయమునకు తాళపుచెవి దొరకును. తెలుగు బైబిలున మూడు పదవులకు ప్రవక్త, యాజకుడు, రాజు అను మాటలు స్థిరపడినవి. ప్రొటెస్టంటుల తమిళ బైబిలున ప్రవక్తను ‘తీర్క్కదరిసి’ యనియు, యాజకుని ‘ఆసారియన్’ అనియు, రాజును ‘రాజా’ యనియు వ్యవహరింతురు. మొదటిది మన దీర్ఘదర్శి. రెండవది మన ఆచార్యుడు. తెలుగు బైబిలునను దీర్ఘదర్శి లేకపోలేదు. సమూయేలు మొదటి గ్రంథము తొమ్మిదవ యధ్యాయమున, నేడు ప్రవక్త యనబడువాడు పూర్వము దీర్ఘదర్శి యనబడెనని తెలుపు సందర్భమున ఆ మాట వచ్చినది. అనగా తెలుగు అనువాదకులకు రెండు మాటలును తెలియును. ఒకదానిని పాతదానికి, ఒకదానిని క్రొత్తదానికి నియమించిరి.

ఇందు గమనింపదగిన విశేషమిది. ఆచార్యుడు తెలుగువానికి బోధించువాడు. తమిళ బైబిలు చదువరికి బలి యర్పించువాడు. సరిహద్దు దాటగానే ఒకే సంస్కృతపదము ఒక పదవినుండి వేరొక పదవికి మారినది. కథోలికుల వాడుక చూడుడు. తెలుగు కథోలికులు తమ యాజకుని ‘గురువు’ అందురు. ఆయనకు యాజకత్వ మొసగు సంస్కారమును ‘గురుపట్టాభిషేకము’ అందురు. ఈ సమాసమును విడదీసి చూచినచో ఆశ్చర్యము కలుగును. గురుశబ్దము బోధకునిది, అనగా ప్రవక్త వైపునకు మొగ్గునది. పట్టాభిషేకము రాజునది. రెండును కలిపి చెప్పునది యాజకుని సంగతి. సిద్ధాంతగ్రంథమేదియు చేయని సమన్వయమును వాడుకమాట తనకు తెలియకయే చేసినది.

అయితే ఈ సమన్వయమున ఒకరికి నష్టము కలిగినది. బోధించుటకు మన భాషలలో గల గొప్ప మాటలు రెండు: గురువు, ఆచార్యుడు. ఆ రెండును యాజకుని పాలబడినవి. ఇక ప్రవక్తకు మిగిలినది దీర్ఘదర్శనము, అనగా రానున్నదానిని ముందుగా చూచుట. ప్రవక్తకు రెండు చేతులుండగా ఒకటి బోధ, ఒకటి భవిష్యత్కథనము. మన వాడుక మొదటిదానిని యాజకునికి ధారపోసినది. దీని పరిణామములను మీద చూతము.

2. అభిషేకము అను ముడి

మూడు పదవులను కలుపు సూత్రము అభిషేకము. క్రీస్తు అను గ్రీకుమాటకును, మెస్సీయ అను హెబ్రీమాటకును అర్థమొకటే: అభిషిక్తుడు. పాతనిబంధనలో తైలముతో అభిషేకింపబడినవారు ముఖ్యముగా రాజులు, యాజకులు. సౌలు, దావీదు అట్లు రాజులైరి. అహరోను అట్లు యాజకుడయ్యెను. ప్రవక్తను అభిషేకింపుమన్న యాజ్ఞ ఎలీషా విషయమున స్పష్టముగా కనబడును. నాలుగవ శతాబ్ది ఆదిని సంఘచరిత్ర వ్రాసిన కైసరియ యూసేబియసు ఈ మువ్వురి యభిషేకములను పేర్కొని, మూడును క్రీస్తునకు ఛాయలని చెప్పెను. దీనిని ఒక క్రమమైన సిద్ధాంతముగా విస్తరించినవాడు కాల్విను. 1559 నాటి ఆయన మహాగ్రంథమున దీనికొక యధ్యాయము కలదు. 1563 నాటి హైడెల్‌బెర్గు ప్రశ్నోత్తర గ్రంథమును, 1647 నాటి వెస్ట్‌మినిస్టరు ప్రశ్నోత్తర గ్రంథమును దీనిని బాలశిక్షలోనికి తెచ్చినవి.

లూథరు మార్గము కొంత వేరు. 1520లో ఆయన వ్రాసిన క్రైస్తవస్వాతంత్ర్య గ్రంథమున రాజత్వ యాజకత్వములు రెండే ప్రధానములు. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తర గ్రంథమున రెండవ విశ్వాసాంశమునకు ఆయన చేసిన వివరణమున క్రీస్తు ప్రభువు, తన రక్తమిచ్చి విడిపించినవాడు, తన రాజ్యమున మనలను ఉంచుకొనువాడు. ప్రవక్త యను పేరచ్చట రాదు. పదునేడవ శతాబ్దిని యోహాను గెర్హార్డు మొదలైన లూథరన్ పండితులు మూడవదానిని స్వీకరించిరిగాని, బాలురు కంఠస్థము చేయు పాఠము మారలేదు. తెలుగు అచ్చుకథలో ఈ సంప్రదాయమునకు గల స్థానము చిన్నది కాదు. బెంజమిన్ షుల్జె కృషివలన జర్మనీలోని హాలే నగరమున 1746 ప్రాంతమున ముద్రితములైన తొలి తెలుగు పుస్తకములలో ప్రశ్నోత్తర గ్రంథము కలదు. కావున మన అచ్చుపుస్తకము పుట్టినప్పుడే రాజును, బలియు ముందునకు వచ్చినవి. ప్రవక్త వెనుక నిలిచెను.

ఇక అభిషేకశబ్దము తెలుగున ఏమి పలుకునో చూడవలెను. మన వాడుకలో అభిషేకము ఇద్దరికి: రాజునకు, దేవతామూర్తికి. రాజునకు జరుగునది పట్టాభిషేకము. క్షత్రియుని మూర్ధాభిషిక్తుడనుట యందుచేతనే. శివలింగమునకు జరుగునది జలాభిషేకము, క్షీరాభిషేకము. యాజకునకు, ప్రవక్తకు అభిషేకము జరుగుట మన సంప్రదాయమున లేదు. గురుపట్టాభిషేకము క్రైస్తవులు కల్పించుకొన్న సమాసమే. కావున ‘అభిషిక్తుడు’ అని విన్న తెలుగు శ్రోతకు రాజును దేవుడును ఒక్కసారిగా స్ఫురింతురు. హెబ్రీ శ్రోతకు ఈ రెండవ స్ఫురణ లేదు. అచ్చట అభిషేకము మానవుని ఒక పనికి నియమించుట. ఇచ్చట అది పూజ్యుని పూజించుట. ఒకటి కర్తవ్యమును తెలుపును, ఒకటి వైభవమును తెలుపును. తెలుగు క్రైస్తవ కవిత్వమున వైభవము మిక్కిలిగా, కర్తవ్యము తక్కువగా వినబడుటకు ఈ మాటయే కొంత కారణమని చెప్పవచ్చును.

3. రాజు

మన కీర్తనవాఙ్మయమున స్వామి రాజే. అన్నమాచార్యుల వేంకటేశ్వరుడు కొలువుతీరిన దొర. రామదాసునకు, త్యాగరాజునకు రాముడు దేవుడు మాత్రమేకాడు, ఏలిక. సంకీర్తనము ఏలికతో పలుకు పలుకు: స్తుతి, మొర, నిష్ఠూరము, శరణాగతి. పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవ కీర్తనలు రచింపబూనినప్పుడు ఈ సాధనసామగ్రి అంతయు సిద్ధముగా నుండెను. రాగతాళములు, పల్లవి చరణముల కట్టుబాటు, ప్రభువును సంబోధించు తీరు ఆయనకు వెదకనక్కరలేకపోయినవి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమున ఆయన పాటలు నేటికిని పాడబడుచుండుటకు ఈ సహజత్వమే హేతువు. క్రీస్తు రాజత్వము తెలుగున పరాయిది కాకపోయినది.

కాని సువార్తలోని రాజు పట్టాభిషేకకథలలోని రాజు వంటివాడు కాడు. ఈ భేదమును రెండు ఘట్టములు చూపును. మొదటిది యెరూషలేము ప్రవేశము. జెకర్యా ప్రవక్త చెప్పినట్లు సాత్వికుడైన రాజు గాడిదనెక్కి వచ్చును. యూదులకు ఈ వాహనము వట్టి హీనవాహనము కాదు. సొలొమోను తన యభిషేకమునకు దావీదు కంచరగాడిదనెక్కి వెడలినట్లు రాజుల మొదటి గ్రంథము చెప్పుచున్నది. తెలుగుదేశమున గాడిదపై నూరేగించుట నేరస్థునకు చేయు పరాభవము. కావున ఈ ఘట్టము తెలుగున చదువునపుడు మూలశ్రోతలకు కలుగని యొక విస్మయము కలుగును. అనువాదమువలన అర్థము తరుగుట మనకు తెలిసిన సంగతి. ఇచ్చట అర్థము పెరిగినది. గజారోహణము చేయు రాజునకు అలవాటుపడిన చెవికి, అవమానవాహనమునే అంబారిగా చేసికొన్న రాజు వినూత్నుడు.

రెండవది ముండ్ల కిరీటపు ఘట్టము. సైనికులు ఆయనకు కిరీటము పెట్టిరి, రాజవర్ణపు వస్త్రము తొడిగిరి, చేతికి రెల్లు నిచ్చిరి, మోకాళ్లూని నమస్కరించిరి. పట్టాభిషేకాంగములలో లోపమేమియు లేదు. కిరీటము, వస్త్రము, దండము, ప్రణతి అన్నియు నున్నవి. చేసినవారికి అది పరిహాసము. చెప్పుచున్న సువార్తికునకు అది సత్యము. మన ఆలంకారికులు నిందారూపమున స్తుతి గమ్యమగుటను వ్యాజస్తుతి యన్నారు. ఈ ఘట్టము ఆ యలంకారమునకు గొప్ప యుదాహరణము. అయితే వ్యాజస్తుతిలో నిందించినట్లు పలుకువాడే లోన స్తుతించును. ఇచ్చట నిందించువాడొకడు, స్తుతించువాడొకడు. ఈ ద్వంద్వస్వరమును పట్టుకొనుటకు సంబోధనాత్మకమైన కీర్తన చాలదు, కథనము కావలెను. అందుచేతనే క్రీస్తు రాజత్వముయొక్క లోతు పాటలకంటె పద్యకథలలో ఎక్కువగా తెలియవలసియున్నది.

4. యాజకుడు

యాజకశబ్దమును ఎన్నుకొన్న అనువాదకుడు ఎవరైనను ఆయన సాహసి యనవలెను. పూజారి యనవచ్చును, అర్చకుడనవచ్చును, పురోహితుడనవచ్చును. పూజారి గుడికి సంబంధించినవాడు. పురోహితుడు ఇంటి శుభాశుభములకు సంబంధించినవాడు. బలికి సంబంధించినవాడు యాజకుడొక్కడే. యెరూషలేము దేవాలయమున ముఖ్యకృత్యము బలి గనుక ఈ మాటయే తగినది.

యజధాతువునకు ధాతుపాఠము మూడర్థములు చెప్పును: దేవతలను పూజించుట, కలుపుట, ఇచ్చుట. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో క్రీస్తు యాజకత్వమును గూర్చిన బోధయంతయు ఈ మూడర్థములలో నిముడును. ఆయన తండ్రిని సేవించును. విడిపోయిన దేవుని మానవుని కలుపును. తన్ను తాను ఇచ్చును. ఈ పొత్తు యాదృచ్ఛికమే కావచ్చునుగాని వ్యర్థము కాదు.

ఇంతకంటె సూక్ష్మమైనది పదవిషయము. యజధాతువు ఉభయపది. క్రియాఫలము కర్తకే చెందినచో ఆత్మనేపదము, పరులకు చెందినచో పరస్మైపదము వచ్చునని పాణినీయ నియమము. యజ్ఞఫలమును పొందు యజమానుని పనిని ఆత్మనేపదముతోను, ఇతరుని కొరకు యజ్ఞము నడపు యాజకుల పనిని పరస్మైపదముతోను వైయాకరణులు చెప్పుదురు. నెల్లూరి వారికి దగ్గరి యుదాహరణము తిక్కన. ఆయన యజ్ఞము చేసి సోమయాజి యయ్యెను, ఫలము ఆయనది. ఆ యజ్ఞము నడిపిన ఋత్విక్కులు యాజకులు. ఫలము వారిది కాదు. యాజియు యాజకుడును ఒకే ధాతువునుండి పుట్టియు ఎదురెదురుగా నిలిచినవారు.

ఈ నియమమును దృష్టియందుంచుకొని హెబ్రీయుల పత్రికను చదువవలెను. అహరోను వంశపు ప్రధానయాజకుడు మొదట తన పాపములకొరకును, పిమ్మట ప్రజల పాపములకొరకును బలి యర్పింపవలసినవాడు. అనగా అతడు యజమానుడును యాజకుడును. అతని క్రియ ఉభయపదము. క్రీస్తు తనకొరకు అర్పింపవలసినదేమియు లేదు. ఆయన క్రియ కేవల పరస్మైపదము. ఆ పత్రిక ఏడవ యధ్యాయమంతయు స్థాపించు భేదము ఇదియే. గ్రీకుభాషలో వాక్యములుగా విస్తరించి చెప్పవలసినదానిని మన వ్యాకరణము ఒక్క ప్రత్యయభేదముతో చెప్పగలదు. ఈ సౌకర్యమును మన క్రైస్తవకవులు వినియోగించుకొని యుండవచ్చును. కాని యజమాని యన్న మాట తెలుగున ఇంటికి, పొలమునకు, అంగడికి సొంతదారని మారిపోవుటచే యాజక యజమాన సంబంధము సామాన్యపాఠకునికి మరుగుపడినది.

యాజకుడే బలి యగుట మరియొక చిక్కు. యజ్ఞశాలలో పశువు వేరు, ఋత్విక్కు వేరు. ఈ రెండింటిని ఒకనియందు చూపుటకు మన ప్రాచీనులలో ఆధారము లేకపోలేదు. పురుషసూక్తమున పురుషుడే హవిస్సగును. 1875లో ఆంగ్లమున ‘ఆర్య సాక్ష్యము’ అను అర్థముగల పేరుతో గ్రంథము వ్రాసిన వంగదేశపు కృష్ణమోహన బందోపాధ్యాయుడు వేదమునందలి ప్రజాపతి ఆత్మబలిని క్రీస్తు బలికి ముంగురుతుగా వ్యాఖ్యానించెను. ఇట్టి వ్యాఖ్య వేదార్థమును పరమతమునకు లొంగదీయుట యని ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమైనదే. అయినను భారతీయభాషలలో యాజకబలుల అభేదమును చెప్పుటకు ఒక త్రోవ కలదని ఆ ప్రయత్నము చూపినది. తెలుగు కీర్తనలు ఈ త్రోవను తొక్కలేదు. అవి రక్తము, సిలువ, విమోచనము అను మాటలతో బలిపక్షమును మాత్రము గానము చేసినవి. బలి యైనవాడు ప్రత్యక్షము. బలి యర్పించువాడు పరోక్షము. కనుకనే యాజకపదవి శ్రమతో స్వీకరింపబడినదంటిని.

5. ప్రవక్త

సంస్కృతమున ప్రవక్త యనగా చక్కగా వివరించి చెప్పువాడు. హెబ్రీ ‘నబీ’కి ఈ మాట మేలైన ప్రతినిధి. అయినను అది జనుల నోట పాతుకొన్న మాట కాదు. నేడు విశేషణము లేక ప్రవక్త యనినచో చాలమంది తెలుగువారికి ముందుగా స్ఫురించునది మహమ్మదు ప్రవక్త. ఇక భవిష్యత్తు చెప్పువానికి మన ఊహలో నున్న మూర్తి కాలజ్ఞానము చెప్పిన పోతులూరి వీరబ్రహ్మము. కావున ప్రవక్తకు కాలజ్ఞాని రూపము సులభముగా నంటుకొన్నది. తమిళ సరిహద్దున దీర్ఘదర్శి యను మాట దీనినే బలపరచినది. గురువు, ఆచార్యుడు యాజకుని చెంత చేరిపోగా ప్రవక్తకు దక్కినది భవిష్యత్తొక్కటే యని ముందే చెప్పితిని.

కాని పాతనిబంధనలోని ప్రవక్త ముఖ్యకృత్యము భవిష్యత్కథనము కాదు. నాతాను దావీదు నెదుట నిలిచి, పేదవాని గొఱ్ఱెపిల్లను దోచుకొన్న ధనికుని కథ చెప్పి, ఆ ధనికుడవు నీవే యని రాజుముఖమున వ్రేలు చూపెను. అది జరిగిపోయిన పాపమును గూర్చిన మాట; అందలి ముఖ్యాంశము భవిష్యత్తు కాదు. ఆమోసు పేదలనమ్ముకొనువారిని గద్దించెను. ఇది ప్రవక్త పని. లూకా సువార్త నాలుగవ యధ్యాయమున క్రీస్తు తన యూరి సమాజమందిరమున యెషయా గ్రంథమును విప్పి చదివిన ఘట్టము మన చర్చకు ప్రాణము వంటిది. తాను అభిషేకింపబడినది బీదలకు శుభవార్త చెప్పుటకని, బందీలకు విడుదల ప్రకటించుటకని ఆ గ్రంథభాగపు తాత్పర్యము. అనగా అభిషిక్తుడన్న పేరునకు ఆయన స్వయముగా జూపిన మొదటి యర్థము రాజుది కాదు, యాజకునిది కాదు, ప్రవక్తది. విన్నవారు కొంతసేపటికి ఆయనను కొండకొమ్మునుండి త్రోయజూచిరి.

ఈ పని తెలుగు క్రైస్తవ కీర్తనలో ఏల కొరవడినది? కవుల భక్తి కొరవడి కాదు, ప్రక్రియ స్వభావమువలన. కీర్తనలో మాట భక్తునినుండి దేవునికి పోవును. ప్రవక్త మాట దేవునినుండి జనులకు వచ్చును. రెండింటి ప్రవాహములు ఎదురెదురు. రాజును కీర్తింపవచ్చును, బలి యైనవానిని తలచి కన్నీరు విడువవచ్చును. తన్ను గద్దించువానిని గద్దింపు మానకుండగా ఎట్లు కీర్తింతుము? కొన్ని పాటలలో మూడు పదవుల పేర్లు వరుసగా వచ్చుననుట నిజమే. పేరు చెప్పుట వేరు, పని చూపుట వేరు. కీర్తనలో ప్రవక్త బిరుదుగా నుండును. ఆయన నోరు తెరచి మాటలాడుటకు అచ్చట చోటు లేదు.

చరిత్రకావ్యమునకు ఈ యిబ్బంది లేదు. పదునెనిమిదవ శతాబ్దిని మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’న క్రీస్తుకథను తెలుగు పద్యములలో చెప్పెను. గుఱ్ఱము జాషువ (1895-1971) రచించిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. చరిత్రయను ప్రక్రియయే మూడు పదవులను వరుసలో నిలుపును: మొదట బోధ, పిమ్మట బలి, తుదకు పునరుత్థానమున రాజ్యము. కథలో ప్రవక్త తప్పించుకొనరానివాడు. కాని ఇందును ఒక పరిమితి కలదు. చరిత్రకావ్యము చెప్పునది రెండువేల యేండ్లనాటి ప్రవక్త పలుకు. ప్రవక్త పలుకు ఎవరిని గద్దించునో వారు ఎదుట నుండవలెను. యూదయ దేశపు ధనికుని గద్దించినచో తెలుగు పాఠకుడు నొచ్చుకొనడు.

6. గబ్బిలము

నొచ్చుకొనునట్లు పలికిన తెలుగు కావ్యము జాషువ రచనలలోనే కలదు. అది ‘క్రీస్తు చరిత్ర’ కాదు, 1941 నాటి ‘గబ్బిలము’. అస్పృశ్యుడని వెలివేయబడిన పేదవాడు తన గుడిసెకు వచ్చిన గబ్బిలముతో కాశీవిశ్వేశ్వరునకు సందేశము పంపును. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపుట విరహముచేత. ఇతడు గబ్బిలమును పంపుట గుడి తలుపులు తనకు మూసియుండుటచేత. గబ్బిలము దేవాలయములో యథేచ్ఛగా తిరుగునది, దేవుని చెవికి చేరువ. అర్చకుడు లేని సమయము చూచి తన మొర విన్నవింపుమని యతని కోరిక.

మూడు పదవుల కొలతతో దీనిని చూచినచో కావ్యము క్రొత్తగా కనబడును. ప్రధానయాజకుడు తెరకు ఆవల, ఇతరులు ప్రవేశింపరాని చోటికి, వెలుపలివారి పక్షమున ప్రవేశించువాడు. ఇచ్చట నియుక్తుడైన యర్చకుడు వెలుపలివానికి అడ్డముగా నిలిచెను. అతని పని పక్షి వంటి యొక జంతువు చేయవలసివచ్చెను. యాజకపదవి చేతులు మారినది. మొరపెట్టుకొనువాడు దేవునితో మాటలాడుచున్నట్లే యుండి, నిజమునకు మనతో మాటలాడుచున్నాడు. సందేశము కాశికి చేరునో లేదో కాని, పాఠకునకు మాత్రము చేరితీరును. నాతాను కథ చెప్పి దావీదును పట్టుకొన్నట్లు ఇతడు గబ్బిలముతో మాటలాడి మనలను పట్టుకొనును. పైకి పోవు మొర గద్దింపుగా తిరిగి క్రిందికి వచ్చుటయే ఈ కావ్యపు శిల్పము. కీర్తనకు సాధ్యముకాని దానిని సందేశకావ్యము సాధించినది. ఇక రాజు? విశ్వేశ్వరుని తీర్పు కొరకు ఎదురుచూచుటయే మిగిలినది. న్యాయము ఇంకను రావలసియున్నది.

దీనికొక యాక్షేపణ రాగలదు. ‘గబ్బిలము’ శివునకు పంపిన సందేశము. దానిని క్రైస్తవ కావ్యమనుట బలాత్కారము. ఇది సత్యము. నేను దానిని క్రైస్తవ కావ్యమనుట లేదు. అందలి వేదన కులవ్యవస్థ పెట్టిన వేదన. అది ఏ మతపు భూషణము కాదు. నా వాదము ఇంతమాత్రమే: ప్రవక్త పని యేదియో తెలిసికొన్నవాడు తెలుగున దానిని వెదకినచో కీర్తనల సంపుటమున కంటె ఈ కావ్యమున స్పష్టముగా చూడగలడు. క్రీస్తు కథను వ్రాసిన కవియే దీనిని వ్రాసియుండుట ఆలోచింపదగినది. ఒక చోట ప్రవక్తను వర్ణించెను. వేరొక చోట ప్రవక్తవలె పలికెను. విమర్శకులు ఈ రెండు కావ్యములను వేరువేరు అలమారులలో నుంచుటవలన ఈ సంబంధము కనబడకపోయినది.

7. ఉపసంహారము

పైన చెప్పినదానిని సంగ్రహింతును. అభిషేకశబ్దము తెలుగున రాజును దేవుని స్ఫురింపజేసి కర్తవ్యమును మరుగుపరచినది. రాజునకు కీర్తనసంప్రదాయము సిద్ధమైన సింహాసనము వేసినది. యాజకునికి వ్యాకరణము అపూర్వమైన యవకాశ మొసగినను కవులు దానిని పూర్తిగా వాడుకొనలేదు. బోధకుని మాటలు యాజకుని వశమగుటచే ప్రవక్త భవిష్యద్వాదిగా కుదించుకొనిపోయెను. ఆయన గద్దింపు సందేశకావ్యమున తలదాచుకొన్నది.

పరిశోధకులు చేయవలసిన పని చాల కలదు. వివిధ మిషనుల ప్రశ్నోత్తర గ్రంథములలో మూడు పదవులకు వాడిన మాటలను కాలక్రమమున సేకరింపవలెను. సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట వంటి సరిహద్దు గ్రామములలో ఆచార్య, గురు, దీర్ఘదర్శి శబ్దములు క్రైస్తవుల నోట ఏ యర్థమున పలుకబడుచున్నవో వినవలెను. 1964లో రెండవ వాటికను మహాసభ, జ్ఞానస్నానము పొందిన ప్రతివ్యక్తికిని ఈ మూడు పదవులలో పాలు కలదని ప్రకటించినది. ఆ తరువాతి తెలుగు కథోలిక రచనలలో ప్రవక్తకు బోధాధికారము తిరిగి వచ్చినదో లేదో పరిశీలింపవలెను.

సూళ్లూరుపేట చెంగాలమ్మ గుడికి తలుపులు మూయరని మొదట చెప్పితిని. యెరూషలేము దేవాలయపు తెర చినిగినదని సువార్తలు చెప్పుచున్నవి. ‘గబ్బిలము’లోని పేదవానికి తెరచిన వాకిలి లేదు. ఆ తల్లి గుడి ఆచారమునకు, సువార్త కథకు, జాషువ కావ్యమునకు చారిత్రక సంబంధమేదియు లేదు. కాని మూడింటియందును ప్రశ్న యొక్కటే: లోపలికి ఎవరు పోవచ్చును, వెలుపల నిలిచినవాని పక్షమున ఎవరు పలుకుదురు? ప్రవక్త, యాజకుడు, రాజు అను మూడు మాటలు ఆ ప్రశ్నకు సమాధానములుగా పుట్టినవి. వానిని బిరుదులుగా చదివినంతకాలము మన క్రైస్తవ వాఙ్మయము స్తోత్రవాఙ్మయముగానే కనబడును. పనులుగా చదివిననాడు అందు జరిగినదియు, జరుగక మిగిలినదియు తెలియును.